పత్తికి సుంకం కావాలి, మిర్చికి అడ్డం ఉండకూడదు: మా నాన్నది తిరకాసా?

ప్రత్తిపాడు కుర్రాడు:
అందరికీ నమస్తే. విజయవాడలో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నా. దేశాల మధ్య వ్యాపారం మీద ఆర్థికవేత్త రికార్డో 1817లో వేసిన లెక్క కంఠతా వచ్చు. పోర్చుగల్‌లో వైన్‌కి 80 మంది, బట్టకి 90 మంది కావాలి. ఇంగ్లండ్‌లో 120, 100. రెండిట్లోనూ పోర్చుగలే మెరుగు. అయినా అది వైన్ చేసుకుని బట్ట ఇంగ్లండ్ దగ్గర కొంటే ఇద్దరికీ లాభమే. ఇందాకా బాగానే ఉంది.

చిక్కల్లా మా ఇంట్లో. మాకు మూడెకరాల పత్తి, ఎకరం తేజ మిర్చి. మా బావ స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేస్తే బావ సంబరపడ్డాడు, నాన్న రెండ్రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. మళ్లీ ఆ నాన్నే, చైనావాళ్లు కొనడం తగ్గిస్తే యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) అడిగే నాథుడుండడంటాడు. ఒక పంటకి తలుపు వేయమని, ఇంకో పంటకి తీయమని అడిగితే ఎలా? పరీక్షలో ఎవరి పక్షం రాయాలి?

పాత గుమాస్తా, గుంటూరు:
బాబూ, నేను జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. నాన్నగారిది తిరకాసేం కాదు, ఆయన లెక్క ఆయనకుంది. మీ బావదీ తప్పు కాదు. నూలు ఖర్చులో సగానికి పైగా దూదిదే.

ఆ 11 శాతం 2021 బడ్జెట్లో వచ్చింది. 2022లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఒకసారి తీశారు, అప్పుడింత గోల లేదు. 2025 ఆగస్టు 19న తీసినప్పుడు సెప్టెంబరు 30 వరకే అన్నారు. అప్పటికి మన చేలల్లో పత్తి సరిగ్గా పగలనే పగలదు, ఎవరికీ నొప్పి లేదు. ఈలోగా ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం వేసింది. బట్టల ఎగుమతిదారుల టెన్షన్ చూసి గడువు డిసెంబరు 31కి జరిపారు. సరిగ్గా తీతలు జోరుగా సాగే నెలలు! రైతుకి తగిలింది అక్కడ.

‘మద్దతు ధర ఉందిగా’ అంటారు. ఉంది, 2025-26లో పొడవు పింజ రకానికి క్వింటాలు 8,110 ఇచ్చారు. కానీ సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో మీటరు గుచ్చితే తేమ 8 దాటిన ప్రతి శాతానికీ కోత, 12 దాటితే బండి వెనక్కే. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకి తడిసిన పత్తి 12 లోపు ఎలా వస్తుంది? అది బయట వ్యాపారికే పోవాలి. అతను చూసేది దిగుమతి ధర.

బెజవాడ లెక్చరర్:
రికార్డో లెక్కలో ఉన్నది శ్రమ ఒక్కటే. బట్ట నేసేవాడు తెల్లారేసరికి వైన్ పనిలోకి మారిపోతాడు. అందుకే అందులో నష్టపోయేవాడు కనపడడు. 1941లో స్టోల్పర్, శామ్యూల్సన్ అనే ఆర్థికవేత్తలిద్దరూ దేశానికి లాభమైనా లోపల ఒక వర్గం నష్టపోతుందని చూపించారు. మీ ఇంటికి ఇంకా దగ్గరిది స్పెసిఫిక్ ఫ్యాక్టర్స్ మోడల్. ఒక పనికే అతుక్కుపోయిన భూమి, యంత్రం, నేర్పు ఉన్నవాళ్లు, దిగుమతితో పోటీపడే చోట సుంకం అడుగుతారు, ఎగుమతి చేసే చోట వద్దంటారు. నాన్నగారు రెండు చోట్లా ఉన్నారు, అంతే. పరీక్షలో పక్షం రాయకండి. ‘దేశానికి లాభం’, ‘ఎవరికి లాభం’ అని విడదీసి రాయండి, మార్కులు అక్కడే ఉంటాయి.

పల్నాడు రైతుబిడ్డ:
థియరీ బాగుంది మేడమ్. కానీ అమెరికా తన పత్తి రైతుకి సబ్సిడీ పోసి ధర దించుతుంటే, అది రికార్డో చెప్పిన మెరుగు ఎలా అవుతుంది? బ్రెజిల్ 2002లో డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థలో) కేసు వేసి గెలిచింది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. సబ్సిడీలు పూర్తిగా పోయాయా? లేదు.

పాత గుమాస్తా, గుంటూరు:
నిజమే నాయనా. కానీ ఆ బ్రెజిలే 2023-24లో అమెరికాని దాటి పత్తి ఎగుమతుల్లో మొదటి స్థానానికొచ్చింది. మనకి హెక్టారుకి దూది సుమారు 450 కిలోలు, వాళ్లకి దాదాపు నాలుగు రెట్లు. అదంతా సబ్సిడీ అనలేం. ఈ తేడా ఉన్నన్నాళ్లూ సుంకం ఎంత పెట్టినా మిల్లువాడు గొణుగుతూనే ఉంటాడు, తీసేస్తే రైతు గొణుగుతాడు. నన్నడిగితే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తీసేసి, అక్టోబరు ఒకటికి మళ్లీ పెట్టాలి. ఆ తేదీలు సీజనుకి ముందే చెప్పాలి, మధ్యలో జరపకూడదు. మిల్లువాళ్లు కూడా దీనికి మరీ అడ్డం చెప్పరనుకుంటా. మీ బావని అడిగి చూడు.