లిసియన్‌లో పర్షియా బిరుదు: ఒక్క మాటతో పెత్తనం తేలుతుందా?

శాసనాలపిచ్చి:
తుర్కియే నైరుతి తీరమే ఒకప్పటి లిసియా. అక్కడ లేతూన్‌లో 1973లో దొరికిన శాసనం లిసియన్, గ్రీకు, అరామిక్ మూడింటిలోనూ ఉంది. పిక్సోదారోస్ క్షత్రపుడు, అంటే పర్షియా చక్రవర్తి తరఫు ప్రాంత పాలకుడు, అయ్యాడని చెప్పడానికి లిసియన్ పాఠం ఇరానీ మాట 'ఖ్సద్రప'నే ఎత్తుకుంది. పర్షియా ఆ భాషలోకి ఎంత లోతుగా దిగినట్టు?

గండికోట రవి:
పైపైనే. అదే శాసనంలో క్సాంథోస్ నగరాధికారి 'అసఖ్లజ', సొంత మాట. రాజు 'ఖ్న్తవతి', అదీ సొంతమే, అనతోలియా పాత భాష లువియన్‌కు చుట్టం. పైగా ఖ్సద్రపకు తమ ప్రత్యయం తగిలించి క్రియ చేసుకున్నారు. అరువు మాటను లొంగదీసుకున్న భాష అది.

పాలమూరు పిల్లగాడు:
రవిగారూ, పై కుర్చీ పేరు వాళ్ళది, కింది కుర్చీ పేరు ఊరిది. పెత్తనమంటే అదే గదా! పర్షియా సేనాని హార్పగస్ క్సాంథోస్‌ను పట్టుకున్నది క్రీ.పూ. 540 ప్రాంతంలో. తర్వాత లిసియాలో నాణేలు వేయించిన ఒక సామంతుడి పేరే మిథ్రపాత, పక్కా ఇరానీ.

సత్యవాది63:
క్షత్రప సంస్కృతం. క్షత్ర + ప. ఇరాన్ ఎందుకొచ్చింది మధ్యలో?

శాసనాలపిచ్చి:
క్షత్రకు ఇరానీ భాషల్లో తోబుట్టువు ఉంది సార్. బిరుదుగా మనకొచ్చింది శకులతో. గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించిన నహపాణుడు క్షత్రపుడే. లిసియన్ రూపంలోని 'ద్ర' పర్షియా చక్రవర్తి డారియస్ బిహిస్తూన్ శాసనంలోని పాత పర్షియన్ రూపంలో లేదు. అందుకే మరో ఇరానీ మాండలికం, బహుశా మీడియన్, నుంచి వచ్చిందంటారు.

సత్యవాది63:
ఒప్పుకోను.

నల్లమల నేస్తం:
మా నాన్న పాసుపుస్తకం కోసం ఏళ్ళు తిరిగాడు. అప్పుడు ఎమ్మార్వో, ఇప్పుడు తహసీల్దారు. ఇంగ్లీషుకూ పని కాలేదు, ఫార్సీకీ కాలేదు.

గండికోట రవి:
నేననేదీ అదే. బిరుదంటే గుమ్మం మీది బోర్డు. క్సాంథోస్‌లోని పాయవా అనే లిసియన్ ప్రముఖుడి సమాధి మీద కూడా ఖ్సద్రప ఉంది, అదీ ఒక పర్షియన్ అధికారి పేరు పక్కన. ఇళ్ళల్లో మాట్లాడారనడానికి ఆధారం చూపించండి.

పాలమూరు పిల్లగాడు:
ఇళ్ళల్లో ఏం మాట్లాడారో రాయి చెప్తదా? నీకు ఎప్పుడూ ఇదే. నిరుడు మా తెలంగాణ మాటను 'ఉర్దూతో పాడైన తెలుగు' అన్నది నువ్వే. లిసియన్లు తెచ్చుకుంటే లొంగదీసుకున్నట్టు, మేం తెచ్చుకుంటే పాడైనట్టా?

గండికోట రవి:
అది వేరే చర్చ. దాన్ని ఇక్కడికి లాగకు.

పాలమూరు పిల్లగాడు:
వేరే ఎట్లయితది? ఖ్సద్రపకు సొంత ప్రత్యయం పెట్టారని మెచ్చుకున్నావు. 'పరేషాన్ అయితున్న' అంటే మేమూ చేసింది అదే వ్యాకరణం.

గండికోట రవి:
పరేషాన్ పాలనా పదం కాదు. టాపిక్‌లో ఉండు.