అప్‌డేట్: గుడ్డు మఫిన్ల అడుగున నీళ్లు, కారణం దొరికింది

పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) కోసం పొద్దున్న ఇడ్లీ, ఉప్మా మానేసి గుడ్డు మఫిన్లు (గిలక్కొట్టిన గుడ్లలో పాలకూర, టమాటా కలిపి చిన్న కప్పుల్లో పోసినవి) బేక్ చేస్తుంటే అడుగున నీళ్లు ఊరి, పైన రబ్బరులా సాగుతున్నాయని పోయిన నెల అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

నీళ్లు పాలకూరవి. వైజాగ్ ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో కొన్నది కడిగి పచ్చిగానే కలిపేసేదాన్ని. "ముందు మగ్గించి పిండమ్మా" అన్న అక్క మాటే పనిచేసింది. ఒక పెద్ద కట్ట బాణలిలో మగ్గించి, చల్లారాక గుడ్డలో మూటకట్టి పిండితే పావు గ్లాసు పచ్చటి నీళ్లు కారాయి! ఇన్నాళ్లూ అవన్నీ మఫిన్లలోకే పోయేవి. టమాటా గింజల గుజ్జు కూడా తీసేస్తున్నా. సాగడం మాత్రం వేడి ఎక్కువై. 200 డిగ్రీల నుంచి 170కి తగ్గించి, నడుమ కాస్త వణుకుతుండగానే బయటికి తీస్తే మెత్తగా వస్తున్నాయి.

బేకింగ్ పౌడర్ మార్చినా, కొబ్బరి పిండి వేసినా తేడా రాలేదు. ఓవెన్ బాగానే ఉంది.

పచ్చసొన తీసేయాలా అని కొందరు అడిగారు. నా రిపోర్టులు చూసి మా డైటీషియన్ అక్కర్లేదన్నారు. గుడ్డులో ఉండే సుమారు 6 గ్రాముల ప్రొటీన్‌లో సగానికి కాస్త తక్కువ సొనలోనే ఉంటుందట. మందులు మాత్రం మానొద్దన్నారు, మానలేదు. ఇప్పుడు రెండు మఫిన్లు తింటే ఒంటిగంట దాకా ఆకలి వేయట్లేదు.