ఫినెస్ట్రే ఘాట్‌లో యేట్స్‌ను డెల్ టోరో ఎందుకు వెంటాడలేదు? (ఇటలీ సైకిల్ రేసు జిరో 2025, 20వ స్టేజ్)

పెడల్‌రాజ్యం అడిగిన ప్రశ్న

2025 మే 31, వెర్రెస్ నుంచి సెస్త్రియేరె దాకా 205 కి.మీ. పొద్దున బయల్దేరేటప్పుడు గులాబీ జెర్సీ (మొత్తం సమయంలో అందరికన్నా ముందున్నవాడు వేసుకునేది) ఇసాక్ డెల్ టోరోది. రిచర్డ్ కరాపాజ్ 43 సెకన్లు వెనక, సైమన్ యేట్స్ 1:21 (నిమిషం 21 సెకన్లు) వెనక. సాయంత్రానికి యేట్స్ గులాబీలో ఉన్నాడు, అదీ 3:56 తేడాతో. మర్నాడు రోమ్‌లో ఊరేగింపే మిగిలింది.

నాకు అర్థం కానివి రెండు. కొల్లే డెల్లె ఫినెస్ట్రే మీద డెల్ టోరోకి నిజంగా కాళ్లు ఆడలేదా, లేక కరాపాజ్‌ని చూస్తూ ఆగిపోయాడా? శిఖరం దాటాక ఇంకా సుమారు 28 కి.మీ. ఉంది కదా, ఇద్దరూ వంతులేసుకుని లాగితే యేట్స్ దొరికేవాడా? "పిల్లాడు భయపడ్డాడు" లాంటి మాటలు వద్దండీ. లెక్కతో చెప్పగలవాళ్లు చెప్పండి.

వాట్స్‌లెక్క

లెక్క ఘాట్ నుంచే మొదలుపెడదాం. ఫినెస్ట్రే 18.5 కి.మీ., సగటు వాలు 9.2%, శిఖరం 2178 మీటర్లు. పైన దాదాపు 8 కి.మీ. మట్టి, కంకర రోడ్డు. దిగాక సెస్త్రియేరె ఎక్కాలి: 16 కి.మీ. పైనే, కానీ వాలు 3.8% మాత్రమే. కథంతా ఈ రెండు వాలుల మధ్య తేడాలోనే ఉంది.

60 కిలోల రైడర్‌ని తీసుకోండి. బైకు, బట్టలు, సీసాలు కలిపి ఇంకో 8 కిలోలు. 365 వాట్లు తొక్కుతున్నాడనుకుందాం. 9.2% వాలు మీద వేగం గంటకు సుమారు 18.5 కి.మీ. వస్తుంది. అందులో గాలిని చీల్చడానికి పోయేది 23 వాట్లే, మిగతాదంతా బరువు ఎత్తడానికీ టైరు రాపిడికీ సరిపోతుంది. అవే 365 వాట్లతో 3.8% మీద గంటకు 32 కి.మీ. వెళ్తాడు, అప్పుడు గాలికి పోయేది దాదాపు 118 వాట్లు. ముందువాడి చక్రం పట్టుకుంటే గాలి ఖర్చులో మూడో వంతు మిగులుతుందనుకోండి. ఫినెస్ట్రే మీద ఆ మిగులు 8 వాట్లు, సెస్త్రియేరె దారిలో 40 వాట్లు.

అంటే ఫినెస్ట్రే మీద ఎవడి కాళ్లు వాడివే. వెనక కూర్చున్నంత మాత్రాన పెద్దగా దక్కేదేమీ లేదు, కాబట్టి అక్కడ వెంటాడటం చవక. ముందు నడిచినా ప్రత్యర్థికి ఇచ్చేది 8 వాట్లే! కింద లోయలోనూ సెస్త్రియేరె దారిలోనూ ముందు లాగేవాడు వెనకవాడికి ఉచితంగా 40 వాట్లు ఇస్తాడు. ఇద్దరు శత్రువులు కలిసి పనిచేయడం కష్టమయ్యేది అలాంటి చోటే. కష్టం తక్కువగా ఉన్నచోట వదిలేసి, ఎక్కువయ్యాక ఇరుక్కున్నారు.

ఘాట్ మొదట్లో జరిగింది కూడా చూడాలి. కరాపాజ్ జట్టు ఈఎఫ్ అడుగునే గట్టిగా వేగం పెంచింది, కరాపాజ్ దాడి చేశాడు, డెల్ టోరో అతని చక్రం వదల్లేదు. యేట్స్ కంగారుపడకుండా తన వేగంలో వచ్చి ఇద్దర్నీ కలిశాడు, ఆపై తనే ఒకటికి నాలుగుసార్లు దాడి చేసి విడిపోయాడు. డెల్ టోరోకి కాళ్లు లేవనడానికి ఆధారం కనిపించదు, కరాపాజ్ కదిలిన ప్రతిసారీ వెంటనే అందుకున్నాడు కదా. అతను కాపలా కాసింది 43 సెకన్లకి, 1:21కి కాదు.

గ్రుపెట్టో

పై లెక్కకి వాన్ ఆర్ట్‌ని కలపకపోతే బొమ్మ పూర్తవదు.

ఉదయమే విడిపోయి ముందుకెళ్లిన గుంపులో (బ్రేక్‌అవే) యేట్స్ జట్టు విస్మా వౌట్ వాన్ ఆర్ట్‌ని పెట్టింది. స్టేజ్ గెలవడం కోసం కాదు, వెనకనుంచి నాయకుడు వచ్చేసరికి శిఖరం అవతల దొరకాలని. దీన్ని శాటిలైట్ రైడర్ అంటారు. వినడానికి సులువే గానీ చాలాసార్లు కుదరదు, ఎందుకో చెప్తాను.

వాన్ ఆర్ట్ లాంటి బరువైన రైడర్ గంట పట్టే ఘాట్‌ని నాయకుడి కంటే 10% నెమ్మదిగా ఎక్కినా 6 నిమిషాలు పోతాయి. కాబట్టి ఘాట్ అడుగుకి వచ్చేసరికి బ్రేక్‌కి అంతకన్నా బాగా ఎక్కువ ఆధిక్యం ఉండాలి. గులాబీ జెర్సీ జట్టు ఆ తేడాని 4 నిమిషాలకి కట్టేసి ఉంటే వాన్ ఆర్ట్ ఘాట్ మధ్యలోనే యేట్స్‌కి తగిలేవాడు, 9.2% మీద అతని వెడల్పు భుజాలు ఎందుకూ పనికిరావు. బ్రేక్‌ని దూరం పోనిచ్చిన క్షణాన విస్మా పథకం సగం పూర్తయింది.

అడ్డం తిరిగేవి ఇంకా ఉన్నాయి. శాటిలైట్ ముందున్న గుంపుతో పోటీపడి ఘాట్ మీద ఖాళీ అయిపోతే కింద లాగడానికి ఏమీ మిగలదు. మరీ ముందుంటే, ఆగి ఎదురుచూసి, ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ వేగం అందుకోవడం నరకం. అందుకే అతను ఘాట్‌ని తన సొంత లయలో ఎక్కాలి, గంటకు 90 గ్రాములకి తగ్గకుండా కార్బోహైడ్రేట్లు పడేస్తుండాలి, తేడా ఎంతో రేడియోలో వింటుండాలి. ఆ ఇరుకు మట్టి రోడ్డులో జట్టు కారు సమయానికి పక్కకి రాలేదు కాబట్టి సీసాలూ చక్రాలూ పట్టుకుని మనుషులు రోడ్డు పక్కన ముందే నిలబడాలి.

ఇవన్నీ ఆ రోజు కుదిరాయి. శిఖరం దగ్గర యేట్స్ ఆధిక్యం నిమిషంన్నర దాటింది, ఆ తర్వాత వాన్ ఆర్ట్ అతన్ని వెనక కూర్చోబెట్టుకుని లోయలోనూ సెస్త్రియేరె మొదటి వాలు మీదా లాగాడు. ముగింపులో యేట్స్‌కీ డెల్ టోరోకీ తేడా 5:13. స్టేజ్‌లో మూడో స్థానానికి యేట్స్‌కి వచ్చిన 4 సెకన్ల బోనస్ దానికి కలిపి, పొద్దున్నటి 1:21 తీసేయండి, సరిగ్గా 3:56 వస్తుంది. స్టేజ్ బ్రేక్‌లోని క్రిస్ హార్పర్ గెలిచాడు.

పెడల్‌రాజ్యం

40 వాట్ల లెక్కతో చాలా విషయం తేలింది, థాంక్సండీ. కానీ ఒక్క సందేహం. నిమిషంన్నర నుంచి 5:13కి పోవడం వాన్ ఆర్ట్ ఒక్కడి పనేనా? డెల్ టోరో, కరాపాజ్ మామూలుగా తొక్కినా అంత పోదు కదా?

గ్రుపెట్టో

పోదు. మూడున్నర నిమిషాలకు దగ్గరగా పోయిందంటే వాళ్లు తొక్కడం దాదాపు మానేశారనే అర్థం. వాన్ ఆర్ట్ లాగుడు వల్ల వచ్చేది అందులో కొంతే, మిగతాది ఒకరి మొహం ఒకరు చూసుకోవడం వల్ల పోయింది.

వెనకచక్రం

ఇద్దరి వైపు నుంచీ చూస్తే ఎవరూ పిచ్చిపని చేసినట్టు కనిపించదు, అదే ఇందులో బాధ కలిగించేది.

డెల్ టోరో లాగితే కరాపాజ్ 40 వాట్లు దాచుకుని చివరి 2 కి.మీ.లో కొడతాడు. కరాపాజ్ లాగితే డెల్ టోరో వెనకే కూర్చుని గులాబీ కాపాడుకుంటాడు, పైగా యేట్స్‌ని పట్టుకున్న ఫలితం కూడా అతనికే. కాబట్టి "జెర్సీ నీది, బాధ్యతా నీదే" అని కరాపాజ్ వంతు తీసుకోలేదు. రెండో స్థానం తన లక్ష్యం కాదు. యేట్స్ కంటే తన ఆధిక్యం 38 సెకన్లే, అది ఫినెస్ట్రే మీదే కరిగిపోయింది.

కానీ ఇద్దరి నష్టం సమానం కాదు, నా అభిప్రాయంలో తప్పు గులాబీ వైపే ఎక్కువ. తేడా 1:21 దాటేదాకా డెల్ టోరో చేతిలో జిరో ఉంది. యేట్స్ 20 సెకన్లు విడిపోయిన చోటే, ఆ 9% వాలు మీదే, కరాపాజ్‌ని వెనకేసుకునైనా సరే ఒకే వేగంతో ఎక్కాల్సింది. దాడికి దాడి అక్కర్లేదు, తేడా 50 సెకన్ల దగ్గర ఆగేలా తొక్కితే చాలు. కంకర మీద ఆగి ఆగి దూకడం ఇంకా ఖరీదు: సీటు మీంచి లేస్తే వెనక చక్రం మీద బరువు తగ్గి జారుతుంది, వాట్లు మట్టిలో పోతాయి. కూర్చుని సమంగా తొక్కేవాడికే ఆ రోడ్డు అనుకూలం, యేట్స్ చేసిందదే.

రెండోది జట్టు. ఘాట్ పై భాగంలో డెల్ టోరో పక్కన అతని జట్టు యూఏఈ మనిషి ఒక్కడూ లేడు. జట్టులోని హువాన్ ఆయుసో 18వ స్టేజ్‌లోనే రేసు వదిలేశాడు. యేట్స్ కవల సోదరుడు ఆడమ్ అదే యూఏఈలో ఉన్నా ఆ వేగానికి ముందు నిలవలేదు. బ్రేక్‌లో వాన్ ఆర్ట్ కనిపించగానే అతని పక్కన తమవాణ్ణి ఒకణ్ణి పంపి ఉంటే, లోయలో డెల్ టోరోకి లాగే మనిషి దొరికేవాడు. అప్పుడు కరాపాజ్‌ని బతిమాలే అవసరమే రాదు.

21 ఏళ్ల కుర్రాడి మీద మొత్తం వేయడం మాత్రం న్యాయం కాదు. తేడా ఎంతో, ఎవరిని చూడాలో చెవిలో చెప్పాల్సింది కారులో ఉన్నవాళ్లు.

వాట్స్‌లెక్క

ఒకటి కలుపుతాను. కరాపాజ్‌కి ఈ ఆట కొత్త కాదు. 2019 జిరోలో 14వ స్టేజ్, కూర్మాయెర్ ముగింపు. అప్పటి ప్రత్యర్థులు నీబలీ, రోగ్లిచ్ ఒకర్నొకరు కాపలా కాసుకుంటుంటే కరాపాజ్ జారుకుని స్టేజ్ గెలిచి గులాబీ తొడిగాడు, రేసు ముగిసిన వెరోనా దాకా విప్పలేదు. 2025లో అదే ఆటలో నీబలీ కుర్చీలో తను కూర్చున్నాడు.

యేట్స్ సంగతి ఇంకో రకం. 2018 మే 25న గులాబీ జెర్సీ వేసుకుని ఇదే ఫినెస్ట్రే మీద పూర్తిగా కూలిపోయాడు, ప్రత్యర్థి క్రిస్ ఫ్రూమ్ 80 కి.మీ. ఒంటరిగా పోయిన రోజది. ఆ రోజు యేట్స్ 38 నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. వీడియో మళ్లీ చూసేవాళ్లు యేట్స్‌ని కాదు, కంకర మొదలైన చోటునుంచి తెర మూలన ఉన్న గడియారాన్ని చూడండి. 1:21 దాటే నిమిషంలో డెల్ టోరో తల ఏ వైపు తిరిగి ఉందో గమనించండి.