నెల్లూరులో కామిక్స్ కొట్టు: దసరా సెలవుల కార్యక్రమాలు, తగ్గింపులు, సమీక్షల గురించి సలహా కావాలి

ప్రశ్న: పొగతోట పుస్తకాలు

అందరికీ నమస్కారం. నెల్లూరు పొగతోటలో మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా అద్దె పుస్తకాల షాపు నడిపారు. అదే గదిలో రెండేళ్లుగా నేను కామిక్స్ అమ్ముతున్నాను. గది చిన్నది, పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. ఒక గోడకు తెలుగు, ఇంగ్లీషు అమర్ చిత్ర కథలు, టింకిల్ సంపుటాలు ఉంటాయి. ఎదుటి గోడకు మాంగా అనే జపాన్ కామిక్స్, అమెరికా సూపర్ హీరోల పుస్తకాలు. వెనుక బీరువాలో నాన్నగారు దాచిపెట్టిన చందమామ, బొమ్మరిల్లు, బాలమిత్ర సంచికలు ఉన్నాయి.

చుట్టుపక్కలన్నీ ఆసుపత్రులే. డాక్టరు పిలిచేలోగా పిల్లవాణ్ణి కుదురుగా కూర్చోబెట్టడానికి ఏదో ఒక పుస్తకం కొనుక్కునే తల్లిదండ్రులతోనే నాకు సగం బేరం సాగుతుంది. జ్వరం తగ్గాక వాళ్లు మళ్లీ ఇటు రారు. నాకు కావలసింది నెలకు రెండు సార్లయినా వచ్చి, కొత్తగా ఏం వచ్చిందని అడిగే పాఠకులు. అందుకని ఈ దసరా సెలవుల నుంచి కొట్టులో క్రమంగా కార్యక్రమాలు పెట్టాలని నిశ్చయించుకున్నాను. మూడు విషయాల్లో మీ అనుభవం తెలుసుకోవాలని ఉంది.

మొదటిది, ఇంత చిన్న గదిలో పిల్లలతో ఏ కార్యక్రమం పెడితే బాగుంటుంది? రెండోది, పండుగకు కొట్టంతటి మీద 20 శాతం తగ్గింపు ప్రకటించమని మిత్రులు చెబుతున్నారు, అది సబబేనా? మూడోది, కొత్త పుస్తకాల మీద నేనే సమీక్షలు రాసి గోడకు అంటించాలనుకుంటున్నాను. అమ్ముకునేవాడు రాసిన సమీక్షను ఎవరైనా నమ్ముతారా? గూగుల్‌లో అయిదు చుక్కలు (స్టార్లు) ఇచ్చినవారికి పది శాతం తగ్గిస్తే పేరు త్వరగా పైకి వస్తుందని కూడా ఒకరు సలహా ఇచ్చారు. దానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

జవాబు: ఒంగోలు టీచరమ్మ

పొగతోట పుస్తకాలు గారికి నమస్కారం. ఒంగోలులో ఒక పాఠశాల గ్రంథాలయం నా చేతిలో ఉంది కాబట్టి మీ మొదటి ప్రశ్నకు మాత్రం కాస్త వివరంగా చెప్పగలను.

వేషాల పోటీ పెట్టకండి. వేషం కుట్టించడానికి తల్లిదండ్రులకు డబ్బు ఖర్చవుతుంది, పిల్లవాడు ఫొటో దిగి వెళ్లిపోతాడు, పుస్తకం ఎవరూ తెరవరు. నేను మూడేళ్లుగా మా బడిలో చేస్తున్నది మాటల బుడగల పోటీ. మా డ్రాయింగు మాస్టారు ఒక బొమ్మ గీసి ఇస్తారు. అందులో మనుషులు, జంతువులు, ఖాళీ బుడగలు ఉంటాయి, మాట ఒక్కటీ ఉండదు. ఆ బుడగలను పిల్లలు తెలుగులో నింపాలి. క్రితం ఏడాది బొమ్మలో నడిరోడ్డు మీద ఒంగోలు గిత్త అడ్డంగా నిలబడి ఉంది, ఎదురుగా పల్లెవెలుగు బస్సు ఆగి ఉంది. ఇంగ్లీషు మీడియంలో ఆరో తరగతి చదివే అమ్మాయి ఒకతె చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. చివరికి గిత్త బుడగలో "హారను కొట్టమాకు, ఇది మా ఊరే" అని రాసింది. పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాలు తడుముకోకుండా చదవలేని పిల్ల, బుడగలో పట్టేటంత చిన్న మాట కోసం నాలుగుసార్లు కొట్టేసి రాసిన ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. బుడగ చిన్నది కావడమే ఆ పోటీలోని బలం.

మన పత్రికలకు ఇది కొత్తేమీ కాదు. 1947 జూలైలో మొదలైన చందమామ, రెండు ఫొటోలు వేసి వాటికి జోడీగా వ్యాఖ్యలు రాసి పంపమని పాఠకులను ఏళ్ల తరబడి అడిగింది. 1980లో వచ్చిన టింకిల్ పాఠకులు పంపిన కథలకు చోటిచ్చింది. అందులోని అమాయకపు పాత్ర సుప్పండి కూడా తిరుచిరాపల్లి పాఠకుడొకరు పంపిన కథల్లోంచే పుట్టాడు. తాను రాసింది గోడ మీద చూసుకోవడానికి పిల్లవాడు తప్పకుండా మళ్లీ వస్తాడు, వెంట అమ్మమ్మను కూడా తీసుకొస్తాడు. అందువల్ల ఫలితాలను ఆ రోజే చెప్పకుండా, అన్నింటినీ గోడకు పెట్టి వారం తర్వాత చెప్పండి.

మరొక్క విషయం. అచ్చయిన కామిక్ పేజీని జిరాక్సు తీసి, మాటలు చెరిపి పోటీకి వాడకండి. ఆ బొమ్మ మీద హక్కు వేరొకరిది. ఊళ్లో బొమ్మలు వేసేవారిని ఒకరిని పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి వేయించండి.

పన్నెండు మందికి మించి ఒకేసారి కూర్చోబెట్టవద్దని నా సలహా. హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలకు ఆదివారమే వీలవుతుంది. ఇక వెనుక బీరువా విషయం. శంకర్ గీసిన విక్రముడూ, అతని భుజం మీది భేతాళుడూ ఉన్న సంచికలను తాళం వేసి ఉంచితే ఎవరికి లాభం? పిల్లల చేతికివ్వండి, చూడనివ్వండి.

జవాబు: గూడూరు నుంచి చెన్నైకి

మాది గూడూరు. చెన్నైలో పుస్తకాల అమ్మకంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. తగ్గింపు గురించి చెబుతాను, ముందు లెక్క చూడండి. 400 రూపాయల పుస్తకం మీద మీకు 30 శాతం కమిషన్ వస్తుందనుకుంటే మిగిలేది 120 రూపాయలు. పండుగ పేరుతో 20 శాతం తగ్గిస్తే అందులో 80 పోయి 40 మిగులుతుంది. అంటే ఇదివరకు ఒక్క పుస్తకంతో వచ్చిన డబ్బు రావడానికి ఇప్పుడు మూడు అమ్మాలి. కొట్టంతటి మీద తగ్గింపు పెడితే, ఎలాగూ కొనబోయేవారికి కూడా మీరు ఆ 80 రూపాయలు వదులుకున్నట్టే. పైగా వచ్చే నెల పూర్తి ధర చెప్పినప్పుడు వాళ్లు దసరా దాకా ఆగుదామనుకుంటారు.

తగ్గించదలచుకుంటే మొదటి సంపుటం మీద తగ్గించండి. మాంగా వరుసగా వచ్చే కథ. మొదటిది నచ్చినవాడు రెండోది పూర్తి ధర పెట్టి కొంటాడు. అయితే రెండు, మూడు సంపుటాలు అప్పటికే బీరువాలో ఉండాలి. నాలుగోది లేదని చెప్పిన రోజున ఆ కుర్రవాడు ఫోనులో ఆర్డరు పెట్టుకుంటాడు, అయిదో సంపుటానికి మీ దగ్గరికి రాడు. పంపిణీదారు వాపసు తీసుకునే పుస్తకాలను, తీసుకోనివాటిని వేరు వేరుగా రాసుకోండి. పెద్ద తగ్గింపు ఎప్పుడైనా ఇస్తే, వాపసు పోకుండా ఆరు నెలలుగా కదలని పుస్తకాలకే ఇవ్వండి.

అమెరికాలో కామిక్స్ కొట్లకు 1970ల నుంచి వాపసు లేని పద్ధతిలోనే సరుకు వచ్చింది. అమ్ముడుపోనిది కొట్టువాడి నెత్తిన పడుతుంది. అందుకే అక్కడ, ఫలానా వరుసలో వచ్చే ప్రతి సంచికా తన పేర తీసిపెట్టమని పాఠకుడు ముందే చెప్పుకునే అలవాటు బలపడింది. మీరు కూడా ఒక నోటుబుక్కు పెట్టి, పేరు, వరుస, ఏ సంపుటం దాకా చదివారో రాసుకోండి. అద్దె పుస్తకాల షాపులో మీ నాన్నగారు రాసిన ఖాతా పుస్తకం కూడా ఇంచుమించు ఇలాంటిదే అయి ఉంటుంది. ముందస్తు డబ్బు మాత్రం సగానికి మించి తీసుకోకండి, ఆలస్యమైతే మీరే ఫోను చేసి చెప్పండి. ఒకసారి ఒక పెద్ద కొట్టులో నేను పూర్తి డబ్బు కట్టి నాలుగు నెలలు ఎదురుచూశాను. నేను అడిగితే తప్ప వాళ్లు ఒక్క మాట చెప్పలేదు. పుస్తకం చివరికి వచ్చింది గానీ, ఆ కొట్టుకు నేను మళ్లీ వెళ్లలేదు.

పుస్తకంతో పాటు టీ షర్టో, బొమ్మో కట్టి ఒకే ధరకు అమ్మాలనుకుంటే జాగ్రత్త పడండి. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు, వాటి మీద ఉంది. మీరు జీఎస్టీలో నమోదై ఉంటే, ఒకే ధరకు కలిపి అమ్మిన కట్ట మొత్తానికీ అందులోని ఎక్కువ రేటే పడుతుంది. బిల్లులో విడివిడిగా ధర వేసి అమ్మడం మంచిది.

మే నెల మొదటి శనివారం ఉచిత కామిక్స్ దినాన్ని కూడా మనసులో పెట్టుకోండి. 2002లో అమెరికాలో మొదలైంది. ఆ రోజు పంచే పుస్తకాలు పాఠకుడికి ఉచితం గానీ, కొట్టువాడు వాటికి కొంత డబ్బు కట్టే తెచ్చుకుంటాడు. మీరు అదే రోజున ఇరవై పాత టింకిళ్లు పంచినా చాలు. అప్పటికి ఎండలు ముదురుతాయి గనుక సాయంత్రం అయిదు తర్వాతే పెట్టండి. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు కూడా ఏదైనా చేయవచ్చు. కాకపోతే అది మనకు వానలు, వాయుగుండాల కాలం. వీధిలో బల్ల వేయకుండా లోపలే జరిపే కార్యక్రమం అయితే నయం.

జవాబు: కావలి పాత సంచికలు

నేను నలభై ఏళ్లుగా పాత పత్రికలు, కామిక్స్ పోగుచేస్తున్నాను. టీచరమ్మ గారి మాటల బుడగల పోటీ చాలా బాగుంది, కానీ బీరువా తాళం తీసి అన్నీ పిల్లల చేతికివ్వమన్న మాటతో నేను ఏకీభవించలేను. పాత పత్రికల కాగితంలో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురు, గాలి తగిలేకొద్దీ కాగితాన్ని పసుపు చేసి, అంచులు పెళుసెక్కేలా చేస్తుంది. మనది సముద్రతీరం కావడంతో గాలిలో తేమ ఎక్కువ, పిన్నులు తుప్పు పడతాయి. నా దగ్గరున్న ఒక ఇంద్రజాల్ కామిక్‌లో పిన్ను చుట్టూ రూపాయి బిళ్లంత గోధుమరంగు మరక కట్టి, నడిమి కాగితం తెరవగానే రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. 1964లో మొదలై 1990లో ఆగిపోయిన ఆ వరుసను ఇక ఎక్కడి నుంచి తెస్తాము? ఆమ్లం లేని అట్ట ఒకటి వెనుక పెట్టి, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కవరులో నిలువుగా ఉంచండి. మామూలు పీవీసీ కవర్లు వాడవద్దు. రెండు ప్రతులున్న సంచికలను మాత్రం చదవడానికి విడిచిపెట్టండి. టీచరమ్మ గారి కోరికా తీరుతుంది, సంచికలూ మిగులుతాయి.

సమీక్షల విషయంలో మీ మనసు చెప్పిందే సరైనది. చుక్కలకు బదులుగా తగ్గింపు ఇవ్వడం గూగుల్ నియమాలకే విరుద్ధం. ఆన్‌లైన్ సమీక్షల కోసం మన భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని కూడా ప్రకటించింది. అంతకన్నా ముఖ్యం, అలా వచ్చిన అయిదు చుక్కలను చూసి మీ కొట్టుకు వచ్చిన మనిషి గది చూడగానే తాను మోసపోయానని అనుకుంటాడు.

అమ్ముకునేవాడు రాసిన సమీక్షను కూడా నమ్ముతారు. అందులో ఈ పుస్తకం ఎవరికి పనికిరాదో రాసి ఉంటే నమ్ముతారు. కథ అద్భుతం, బొమ్మలు అద్భుతం అని రాస్తే అది ప్రకటన. ఏ వయసుకు తగినది, హింస ఎంత ఉంది, కథ ఈ సంపుటంలో పూర్తవుతుందా లేక మధ్యలో ఆగుతుందా, తెలుగు అనువాదం మన నోటికి వచ్చేలా ఉందా, పేజీలు ఊడిపోకుండా కుట్టారా లేక జిగురుతో సరిపెట్టారా, ఇవి రాయండి. మాంగా అయితే కుడి నుంచి ఎడమకు చదవాలన్న మాటను ప్రతి కార్డు మీదా రాయవలసిందే. మా మనవడు మొదటి పుస్తకాన్ని మన అలవాటు ప్రకారం తెరిచి, కథ చివరి పేజీ ముందే చూసి ఏడుపుముఖం పెట్టాడు.

జవాబు: ఒంగోలు టీచరమ్మ

కావలి వారు చెప్పిన పద్ధతి నాకు సమ్మతమే. రెండో ప్రతి ఉన్నవాటినే పిల్లలకు ఇవ్వాలి. ఒక్క చేర్పు మాత్రం. గోడ మీది సమీక్షల పక్కన పిల్లలు రాసినవాటికి కూడా చోటివ్వండి. వాటి భాషను దిద్దవద్దు.

జవాబు: పొగతోట పుస్తకాలు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కొట్టు మూశాక నాన్నగారితో కూర్చుని ఆయన ఖాతా పుస్తకం తెరిచాను. పేరు, వీధి, తీసుకెళ్లిన పుస్తకం, తిరిగి ఇచ్చిన తేదీతో పాటు చివరి గడిలో "డిటెక్టివ్ వద్దంటారు", "సీరియల్ పూర్తయ్యాకే ఇవ్వాలి" అని పాఠకుల ఇష్టాయిష్టాలు ఆయన చేతిరాతలో ఉన్నాయి. గూడూరు వారు చెప్పిన నోటుబుక్కుకు ఆ గడులనే పెట్టుకుంటున్నాను.

కొట్టంతటి మీద తగ్గింపు మానుకున్నాను. మాంగాలో మూడు వరుసల మొదటి సంపుటాల మీద మాత్రం దసరా సెలవుల్లో 15 శాతం తగ్గిస్తాను, ఆ మూడింటిలో నాలుగో సంపుటం దాకా తెప్పించి ఉంచాను. సెలవుల్లో వచ్చే మొదటి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మాటల బుడగల పోటీ జరుగుతుంది. పన్నెండు మందికే చోటు, ప్రవేశ రుసుము లేదు, పేరు ముందుగా కొట్టులో రాయించుకోవాలి. మూలాపేటలో బోర్డులు రాసే పెద్దాయన ఒకరు బొమ్మ వేయడానికి ఒప్పుకున్నారు. పెన్నా వంతెన మీద కొంగ, దాని కింద వల వేస్తున్న మనిషి, గట్టున పిల్లి, నాలుగు ఖాళీ బుడగలు. మొదటి సమీక్ష కార్డు ఈ ఉదయమే అంటించాను. బొమ్మలు బాగున్నాయనీ, జిగురు బలహీనంగా ఉందనీ, పదేళ్ల లోపు పిల్లలకు వద్దనీ రాశాను. అది చదివిన ఒక తల్లి ఆ పుస్తకం వదిలి, తన ఎనిమిదేళ్ల కొడుకుకు తెలుగు అమర్ చిత్ర కథలు రెండు తీసుకున్నారు, ఆదివారానికి వాడి పేరు కూడా రాయించి వెళ్లారు.

కావలి వారిని ఒకటి అడగాలి. మా బీరువాలో 1950ల నాటి చందమామలు నాలుగింటికి పిన్నులు తుప్పు పట్టి ఉన్నాయి. వాటిని తీసేసి దారంతో కుట్టించడం మంచిదా, లేక అలాగే కవర్లో పెట్టాలా?

జవాబు: కావలి పాత సంచికలు

పిన్నులను లాగకండి, కాగితం చినుగుతుంది. సంచికను నడిమి పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పరిచి, పలుచని చాకు మొనతో పిన్ను కాళ్లను ఒక్కొక్కటిగా పైకి లేపి నిటారుగా చేయండి. తర్వాత సంచికను బోర్లించి, వీపు వైపు నుంచి నెమ్మదిగా బయటికి తీయండి. అవే రంధ్రాల్లోంచి తెల్లని నూలు దారం పోనిచ్చి వదులుగా ముడి వేయండి, జిగురు మాత్రం వాడవద్దు. ఆ ఆదివారం నేను నెల్లూరు వస్తాను, మొదటిది ఇద్దరం కలిసి చేద్దాం.