ములుసూపు: "సత్యము వలన"నా, "వలనన"నా?

అమలాపురం: నన్నయగారి భారతంలో శకుంతలోపాఖ్యానం. నూరు నూతులకంటె ఒక బావి, చివరికి నూరుగురు కొడుకులకంటె ఒక సూనృతవాక్యం మేలని శకుంతల దుష్యంతుడితో అనే "నుతజలపూరితంబులగు" వెనకాలే వచ్చే కందం అండి. మూడు పాదాలు నోటికి వస్తున్నాయి: "వెలయంగ నశ్వమేధం / బులు వేయును నొక్క సత్యమును నిరుగడలం / దుల నిడి తూపగ సత్యము". నాలుగోది "వలన ములుసూపు గౌరవంబున పేర్మిన్" అనుకుంటే నడక కుంటుతోంది. ఏం జారిపోయింది? ఇంకో సందేహం: వెయ్యి అశ్వమేధాలతో తూస్తే మొగ్గిన సత్యం, పోలికలో సత్యమా, తనకు తానే సత్యమా?

తణుకు: ఒక్క "న" జారిందండి. "వలనన". వలనన | ములుసూ | పుగౌర | వంబున | పేర్మిన్. నలము, సగణం, జగణం, భగణం, గగము, అన్నీ నాలుగేసి మాత్రల గణాలే. "వలన" అంటే ఒక మాత్ర తగ్గి, జగణమో నలమో ఉండి తీరాల్సిన మూడో గణం చెడుతుంది. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన వ-వ యతీ పోతుంది.

ద్రాక్షారామం: అక్షరం తేలింది గానీ అర్థం తేలలేదు. ఇది "నీ వలన" అనేటప్పటి పంచమీ విభక్తి కాదు. వలను అంటే వైపు. సత్యం వైపునే ముల్లు చూపిందని. వలపల ఎద్దు అనడంలోనూ ఉన్నది ఇదే మాట.

తణుకు: ఎద్దు సంగతి ఒప్పుకోను మాస్టారూ. వలపల ఎప్పుడూ కుడే, దాపలకి ఎదురు. వలను ఏ వైపైనా కావచ్చు.

అంబాజీపేట: ముల్లు ఎటు తిరిగి ఉందో చూడకుండా "వైపు" అనేస్తే ఎలాగండి? చేత్తో ఎత్తిపట్టే త్రాసులో ముల్లు, పళ్ళాలు వేలాడే అడ్డ కాడ నడుమ నుంచి పైకి ఉంటుంది. కుడి పళ్ళెం దిగితే ముల్లు కూడా కుడికే ఒరుగుతుంది. ముల్లు కిందికి వేలాడే త్రాసులో ఎడమకి పోతుంది. కాబట్టి పద్యం మాటకి మాట నిలవాలంటే ముల్లు పైకి ఉండాల్సిందే. సంస్కృతంలో "సత్యమేవ విశిష్యతే" అని ఊరుకున్నారు, ముల్లు లేదు. అది నన్నయగారు పెట్టింది. చూపు "సూపు" అయిందంటే గసడదవాదేశం, అంటే ప్రథమా విభక్తి మాట మీద చ కాస్తా స కావడం. కాబట్టి ముల్లే కర్త.

రాజోలు: అయితే "ఇరుగడలం దులనిడి" (రెండు వైపులా త్రాసులో పెట్టి) అన్నది పళ్ళాలు మార్చి రెండుసార్లు తూచారనేనని నా నమ్మకం. ఖాళీ త్రాసులో ముల్లు నిటారుగా నిలిచినా కాడ రెండు చేతులూ సమానమని కాదు. పొట్టి చేతికి బరువైన పళ్ళెం కట్టినా అలాగే నిలుస్తుంది. దాన్ని పట్టాలంటే సరుకుని ఒకసారి ఎడమనా, ఒకసారి కుడినా తూచాలి. 900 గ్రాములూ 1024 గ్రాములూ వచ్చాయనుకోండి, అసలు బరువు 960. రెండింటినీ గుణించి వర్గమూలం తియ్యాలి. కూడి సగం చేస్తే 962 వచ్చి తప్పుతుంది. ఒక్కసారి తూస్తే దక్కేది "కావచ్చు" మాత్రమే.

తణుకు: లెక్క బావుంది, అన్వయం కుదరదు. "వేయును", "సత్యమును" అని రెండు సముచ్చయాలు, అంటే కలిపి చెప్పే "ను"లు, ఉన్నాయి. గడకొకటి, అంటే వైపుకొకటి. మార్చి తూచడానికి క్రియ ఏదండి?

ద్రాక్షారామం: అమలాపురం వారి రెండో ప్రశ్నకి జవాబు కథలోనే ఉంది. శకుంతలని పెళ్ళాడిన సంగతి దుష్యంతుడికి తెలుసు. సభకి తెలీదు, సాక్షి లేడు. ఆకాశవాణి పలికేదాకా సభ దృష్టిలో శకుంతల మాట సంభావ్యం, రాజు లోపల మాత్రం అది తిరుగులేని సత్యం. సత్యం మారలేదు, తెలిసిన మేర మారింది.

నిడదవోలు: మరి ముందు పద్యంలో "సత్యం పుత్రశతాద్వరమ్" అన్నదాన్ని "సూనృతవాక్యము" అని ఎందుకు మార్చారు? "సూనృతం ప్రియే సత్యే" అని అమరకోశం. ప్రియమైన సత్యమే సూనృతం. విన్నవాడికి ప్రియమా కాదా అన్నది చేరితే అది నిరపేక్షం, అంటే తనకు తానే సత్యం, ఎలా అవుతుంది? కర్ణపర్వంలో కౌశికుడు దొంగలకి నిజం చెప్పి నరకానికి పోయాడు. అతనిది సత్యమే, సూనృతం కాదు.

తణుకు: ఆ పద్యంలోనే శకుంతల దుష్యంతుణ్ణి "సూనృతవ్రత" అని పిలిచింది కదా, ఆ పిలుపుకి తగ్గ మాటే తిరిగి వాడింది. మరుసటి కందంలో మళ్ళీ "సత్యము".

నిడదవోలు: ఆ ముందు పద్యం చంపకమాలలో "సత్యం" అనే మాటకి చోటు లేకనా? అంత ఛందస్సు చేతిలో ఉన్న మహానుభావుడు మాట మార్చాడంటే కావాలనే. అదే పద్యంలో కూపానికి నుయ్యి, వాపికి బావి, ఎంత జాగ్రత్తగా వేశారో చూడండి. వాపి మెట్లున్న దిగుడుబావి, నూతికంటె పెద్దది. అందుకే నూరు నూతులకంటె ఒక బావి మేలు.

రాజోలు: మన వైపు చేదతో తోడుకునేదాన్ని ఇప్పటికీ నుయ్యి అనే అంటాం కదండి. ఇప్పటి టీకాల్లో రెండింటికీ "బావి" అని రాసేస్తే ఆ మెట్టు కనపడదు.

అంబాజీపేట: ఆ ముందు పద్యంలోని "నూఱిటికంటె" లో ఱ (బండి ర) గురించి ఎవరూ ఎత్తలేదేం?