లూసియన్ హెరోడోటస్‌ని ఎందుకు ఇరికించాడు? తెలిసినవాళ్లు చెప్పండి

క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు రచయిత లూసియన్ రాసిన 'నిజమైన చరిత్ర' ఇంగ్లిష్‌లో చదువుతున్నాను. ముందే తను చెప్పేదంతా అబద్ధమని, ఆ ఒక్క మాటే నిజమని తేల్చేసి, ఆ తర్వాత సుడిగాలి ఓడని ఎత్తుకెళ్లి ఏడు రోజులు గాల్లో తిప్పి చంద్రుడి మీద దింపిందని, వేగుచుక్కలో వలస కోసం చంద్రుడి రాజుకీ సూర్యుడి రాజుకీ యుద్ధం జరిగిందని, సైనికుల లెక్కలతో సహా కోతలు కోస్తాడు. చివర్లో సంధి షరతులు మాత్రం అచ్చం చరిత్రకారులు రాసినట్టే ఉంటాయి, నాకు బాగా నచ్చింది అదే.

నా డౌట్ వేరే. ఇదే పుస్తకంలో, అబద్ధాలు రాసినవాళ్లు శిక్ష అనుభవించే దీవిలో క్టీసియస్ ఉన్నాడంటే సరే, పర్షియా రాజు దగ్గర వైద్యుడిగా ఉంటూ మన దేశం గురించి లేనిపోని వింతలన్నీ రాశాడు. పక్కనే గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఎందుకు? ఆయన చాలాచోట్ల 'ఇలా అంటారు, నేను మాత్రం నమ్మను' అనే ధోరణిలోనే రాశాడు కదా! లూసియన్‌ది నిజంగా కోపమేనా, లేక పెద్ద పేరున్నవాణ్ణి లాగితే ఎక్కువ నవ్వొస్తుందనా? గ్రీకు చదువుకున్నవాళ్లుంటే చెప్పండి. మంచి వివరణలున్న ఎడిషన్ ఏదైనా తెలిస్తే అది కూడా.