టెస్టింగ్ పని త్వరగా ముగుస్తోంది, జీతం మాత్రం పెరగడం లేదు: ఆ లాభం ఎవరికి పోతోంది?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

నేను ఒక ఐటీ సేవల సంస్థలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. టెస్ట్ కేసులు, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఏయే అంశాలను ఎలా పరీక్షించాలో చెప్పే సూచనలు, రాసే ఏఐ సాధనం వచ్చాక, పూర్వం వారమంతా పట్టే పని రెండు రోజుల్లో ముగుస్తోంది. మా బృందంలో ఎవరినీ తీసివేయలేదు గానీ, మానేసి వెళ్లినవారి స్థానంలో కొత్తవారిని తీసుకోవడం ఆపి, వారి పనిని మాకే పంచారు. ఇంక్రిమెంటు మాత్రం నామమాత్రంగా ఇచ్చారు. ఒక్కొక్కరు చేసే పని పెరిగినప్పుడు వేతనం కూడా పెరగాలి కదా? కడపలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మా తమ్ముడు ఈ రంగంలోకే రావాలనుకుంటున్నాడు కనుక అనుభవజ్ఞులను అడుగుతున్నాను.

సమాధానం (బెల్లందూరు)

ప్రాజెక్టులకు ధర కట్టే పనిలో ఉన్నాను కనుక నేను చూస్తున్నదే చెబుతాను. ఆ లాభంలో పెద్ద భాగం క్లయింటుకే పోతోంది. గంటల లెక్కన బిల్లు వేసే కాంట్రాక్టులో పని త్వరగా ముగిస్తే సంస్థ ఆదాయమే తగ్గుతుంది. మొత్తం పనికి ఒకే ధర ఒప్పుకున్న చోట మిగులు కొంతకాలం సంస్థకు దక్కుతుంది గానీ, కాంట్రాక్టు పొడిగించే సమయానికి క్లయింటు ఏఐ వాడకాన్ని చూపించి ధర తగ్గించమంటాడు, పోటీ సంస్థ అందుకు సిద్ధంగా ఉంటుంది కనుక మేమూ తగ్గిస్తాం. ఆ బేరంలో ఉద్యోగి వాటా ప్రస్తావనకే రాదు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. ఏఐ రాకముందు కూడా, పని కోరేవారు పుష్కలంగా ఉండడం వల్ల, పెద్ద సంస్థల్లో ఫ్రెషర్ల జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఉండిపోయింది.

సమాధానం (జయనగర్, అర్థశాస్త్ర అధ్యాపకురాలు)

దీనికి అనుభవం విలువ తగ్గడాన్ని కూడా చేర్చాలి. ఆర్థికవేత్తలు ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, డేనియెల్ లీ, లిండ్సే రేమండ్ 2023లో వెలువరించిన అధ్యయనంలో, కస్టమర్ సపోర్టు సిబ్బందికి ఏఐ సాయం ఇచ్చినప్పుడు గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి; కొత్తవారిలో ఆ పెరుగుదల 34 శాతం కాగా, బాగా అనుభవం ఉన్నవారిలో దాదాపు ఏమీ లేదు. నైపుణ్యాల అంతరం తగ్గడం కొత్తవారికి మేలే అనిపిస్తుంది, కానీ అదే కారణంగా సీనియర్‌కు ఎక్కువ ఇవ్వడం దేనికని యాజమాన్యం అడగగలుగుతుంది, పైగా తక్కువమందితో పని నడుస్తుంది కనుక కొత్తవారి నియామకాలూ తగ్గవచ్చు.

సమాధానం (బసవనగుడి, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

యంత్రం వస్తే వేతనం తగ్గి తీరాలన్న నియమం ఏదీ లేదు. 1983లో బ్యాంకు ఉద్యోగ సంఘాలకూ ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌కూ కుదిరిన ఒప్పందం ప్రకారమే మా శాఖల్లోకి ఖాతాల లెక్కలు నమోదు చేసే లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చాయి, వాటిపై పనిచేసే గుమస్తాలకు ప్రత్యేక అలవెన్సు కూడా దక్కింది. సంఘం లేకుంటే అది వచ్చేది కాదు. కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల సంఘం 2017 నుంచి ఉంది; అందులో చేరడం గురించి మీ సహోద్యోగులతో మాట్లాడండి. మీ తమ్ముడిని ఈ రంగం నుంచి వారించనక్కరలేదు గానీ, టెస్ట్ కేసులు రాయడం ఒక్కటే నేర్చుకుని రావద్దని చెప్పండి. బ్యాంకింగ్‌లోనో బీమాలోనో లావాదేవీ ఎలా సాగుతుందో తెలిసినవాడే ఏది పరీక్షించాలో నిర్ణయించగలడు, జీతం గురించి గట్టిగా అడగగలడు.